గ్రౌండ్ కలపాలా, వద్దా?

అనంతపురం నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పెద్దదిగా ఉంది కాబట్టి ముఖ్యమైన భాగమే ఇస్తున్నాను.

"అన్నా, నమస్తే. మాది నార్పల దగ్గర పల్లె. అనంతపురంలో రూము తీసుకుని డిగ్రీ చదువుతున్నా. మాకు చీనీ తోట ఉంది. నేలలో తేమ చూసి డ్రిప్‌కు నీళ్లు వదిలే ఏర్పాటు చేద్దామని సెకండ్ హ్యాండ్‌లో రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నాను, దాన్నే పై అంటున్నా. సెన్సర్లు ఆర్డినో యూనో అనే ఇంకో చిన్న బోర్డుకు కలిపాను. పైకి దాని ఛార్జర్, యూనోకు 9 వోల్టుల అడాప్టర్. రెండింటికీ కరెంటు వేరే కదా అని డేటా పంపే టీఎక్స్, అందుకునే ఆర్ఎక్స్ వైర్లు మాత్రమే కలిపితే పిచ్చి పిచ్చి అక్షరాలు వచ్చాయి. మా క్లాస్‌మేట్ గ్రౌండ్‌లు కలపమన్నాడు. షాపులో ఒకాయన, వేరే వేరే కరెంటు గ్రౌండ్‌లు కలిపితే రెండూ కాలిపోతాయన్నాడు. ధైర్యం చేసి కలిపాను, పని చేసింది. కానీ యూనో అడాప్టర్ తీసేసినా దాని లైటు సన్నగా వెలుగుతూనే ఉంది. రెండో రోజు పైలో ఆర్ఎక్స్ పిన్ను చచ్చిపోయింది. యూఎస్‌బీ అంచు ముట్టుకుంటే వేలికి జిల్లుమంటోంది. తర్వాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) పెట్టి బోరు మోటరు స్టార్టర్‌కు కలపాలి. తోటలో సెన్సర్ నుంచి మోటరు షెడ్డు దాకా నలభై మీటర్లు ఉంటుంది. ఇప్పుడు ఏది ముట్టుకోవాలన్నా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?"

తమ్ముడూ, ముందు ఒక మాట. ఈ సమాధానం చివరిదాకా చదివేవరకు స్టార్టర్ పెట్టె జోలికి వెళ్లకు. పై బోర్డు పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఆ పెట్టె మీద రోజూ చెయ్యి వేసేది మీ నాయన.

నీకు సలహా ఇచ్చిన ఇద్దరూ తప్పు చెప్పలేదు. చిక్కంతా మాటలో ఉంది. మన దగ్గర మూడు వేరే వేరే సంగతులను ఒకే పేరుతో పిలుస్తాం. బోర్డు మీద జీఎన్‌డీ అని రాసి ఉండే మైనస్ ఒకటి. ఇంటి మూడు పిన్నుల సాకెట్‌లో పైన ఉండే పెద్ద రంధ్రానికి వచ్చే ఎర్త్ రెండోది. స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ మూడోది. నీ క్లాస్‌మేట్ మొదటిదాని గురించి చెప్పాడు. షాపాయన మనసులో ఉన్నది బహుశా మిగతా రెండు. చిన్న వోల్టేజీ బోర్డులు రెండు పక్కపక్కనే ఉండి వైరుతో మాట్లాడుకోవాలంటే వాటి మైనస్‌లు కలపాల్సిందే. మోటరు, స్టార్టర్, ఫేజ్ కరెంటు ఉన్న వైపుతో మాత్రం ఎప్పుడూ కలపకూడదు. నీ ప్రాజెక్టులో ఈ రెండు రకాలూ ఉన్నాయి. అందుకే ఒక్క సూత్రం పట్టుకుంటే సరిపోదు.

మైనస్ ఎందుకు కలపాలో చెబుతాను. పక్కపక్క చేలల్లో రెండు బావులు ఉన్నాయనుకో. ఒకాయన మా బావిలో నీళ్లు ఇరవై అడుగుల్లో ఉన్నాయంటాడు, ఇంకొకాయన ముప్పై అంటాడు. ఎవరి నీళ్లు పైన ఉన్నాయి? చెప్పలేం. ఇద్దరూ ఎవరి ఒడ్డు నుంచి వాళ్లు కొలిచారు, ఆ రెండు ఒడ్ల మధ్య ఎత్తుపల్లం మనకు తెలియదు. వోల్టేజీ కూడా అంతే. యూనో 5 వోల్టులు పంపానంటే తన మైనస్ నుంచి 5 అని. పై ఆ వైరును తన మైనస్ నుంచి కొలుచుకుంటుంది. రెండు మైనస్‌ల మధ్య సంబంధం లేకపోతే ఆ కొలతకు అర్థం లేదు. పైగా కరెంటు వెళ్లిన దారికి తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. నువ్వు ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది, అడాప్టర్ల లోపలి నుంచి, గోడ సాకెట్ గుండా. నీకు వచ్చిన పిచ్చి అక్షరాలకు కారణం అదే.

మైనస్‌లు కలుపు, ప్లస్‌లు మాత్రం కలపకు. ఒక అడాప్టర్ 5.1 ఇస్తుంది, ఇంకొకటి 4.9 ఇస్తుంది. రెండూ కలిస్తే ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదాన్ని నెట్టడం మొదలుపెడుతుంది. ఒకటి ఆపేస్తే రెండోది మొత్తం బరువు మోస్తూ, ఆగిన అడాప్టర్‌లోకి కూడా కరెంటు తోస్తుంది. సొంత అడాప్టర్ ఉండే చవక యూఎస్‌బీ హబ్బుల్లో కొన్ని కంప్యూటర్‌లోకి ఇలాగే వెనక్కి కరెంటు పంపుతాయి. పవర్ తీసేసినా పై ఎర్ర లైటు ఆరలేదంటే ముందు హబ్బునే అనుమానించు.

ఇప్పుడు నీ ఆర్ఎక్స్ పిన్ను సంగతి. యూనో 5 వోల్టుల బోర్డు. పై పిన్నులు 3.3 వోల్టులవి, 5 తట్టుకునేలా కట్టినవి కావు. యూనో టీఎక్స్‌ను నేరుగా పై ఆర్ఎక్స్‌కు కలిపావు కాబట్టి మొదటి రోజు నుంచే ఆ పిన్ను మీద భారం పడింది. ఒక రోజు పని చేసింది కదా అని చాలామంది అదే సరైన పద్ధతి అనుకుంటారు. పని చేయడం వేరు, తట్టుకోవడం వేరు. ఒక్క పిన్నే పోయి మిగతా బోర్డు బాగుంటే బాధపడకు. పై 4లో మామూలు సీరియల్ పోర్టు (టీఎక్స్, ఆర్ఎక్స్ జత) కాక ఇంకో నాలుగు ఉన్నాయి, సెట్టింగుల్లో తెరిచి వేరే పిన్నుల మీద వాడుకోవచ్చు.

సన్నగా వెలిగిన ఆ లైటు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఇది పుస్తకాల్లో తక్కువగా కనబడుతుంది, బోర్డులను ఎక్కువగా చంపుతుంది. చాలా చిప్పుల్లో దాదాపు ప్రతి పిన్ను దగ్గర, కరెంటును ఒకే వైపు పోనిచ్చే చిన్న రక్షణ డయోడ్లు ఉంటాయి. పిన్ను మీద వోల్టేజీ చిప్పు సప్లై కంటే పెరిగితే ఆ ఎక్కువను సప్లై వైపు పారేయడం వాటి పని. యూనోకు అడాప్టర్ తీసేశావు, దాని సప్లై సున్నా అయింది. కానీ పై ఇంకా ఆన్‌లోనే ఉంది. సీరియల్ లైన్ మాట్లాడకుండా ఊరికే ఉన్నప్పుడు సున్నా దగ్గర ఉండదు, ఎక్కువ వోల్టేజీలోనే ఉంటుంది. అంటే పై టీఎక్స్ పిన్ను నుంచి 3.3 వోల్టులు నిలకడగా యూనో పిన్నులోకి వెళ్తూ, ఆ డయోడ్ గుండా లోపలికి దూరి, డయోడ్ దగ్గర సుమారు 0.6 పోగా మిగిలిన 2.7తో యూనో చిప్పు మొత్తాన్ని సగం మేలుకొలుపుతున్నాయి. లైటు వెలిగేది ఆ కరెంటుతోనే. దొడ్డిదారిన వచ్చిన కరెంటు అది. ఒక సిగ్నల్ పిన్ను బోర్డు మొత్తాన్ని మోస్తోంది, దానికి ఆ బలం లేదు. ఇటు డయోడ్, అటు పై పిన్ను, రెండూ దెబ్బతింటాయి. అటునుంచి ఇటు కూడా ఇదే జరుగుతుంది. పై ఆఫ్‌లో ఉండి యూనో ఆన్‌లో ఉంటే 5 వోల్టులు పైలోకి దూరతాయి.

నాకు ఈ పాఠం కర్నూలులో వచ్చింది. 2004లో అద్దె గదిలో పాత కంప్యూటర్ ప్రింటర్ పోర్టుకు ఒక స్టెప్పర్ మోటరు బోర్డు కలిపి ఆడించేవాణ్ణి. బోర్డుకు వేరే అడాప్టర్. ఒక రాత్రి కంప్యూటర్ ఆపి, బోర్డు ఆపకుండా పడుకున్నాను. పొద్దున చూస్తే ప్రింటర్ పోర్టు పని చేయలేదు. వైర్లు సరిగానే కలిపాను, గ్రౌండ్ కూడా కలిపాను. ఒకటి ఆన్‌లో, ఇంకొకటి ఆఫ్‌లో ఉంటే ఏమవుతుందని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు. అప్పటి నుంచి రెండు అడాప్టర్లున్న దేన్ని చూసినా నా మొదటి ప్రశ్న అదే. మన ఊళ్లలో కరెంటు పోయి వస్తుంటుంది, ఒక సాకెట్ ఇన్వర్టర్ మీద ఉంటుంది, పక్కది ఉండదు. కాబట్టి ఒకటి ఆన్, ఒకటి ఆఫ్ అనే పరిస్థితి రోజూ వస్తుంది.

మరి ఏం చేయాలి? అన్నిటికంటే తేలిక దారి ముందు చెబుతాను. ఆ 9 వోల్టుల అడాప్టర్ పక్కన పెట్టి, యూనోను దాని యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా పైకి గుచ్చు. కరెంటు, మైనస్, డేటా మూడూ ఆ ఒక్క కేబుల్‌లో వస్తాయి, 5, 3.3 వోల్టుల తేడా గొడవ కూడా ఉండదు. పై 4 యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి 1.2 ఆంపియర్ల దాకా ఇవ్వగలవు, యూనోకూ చిన్న సెన్సర్లకూ అది ధారాళంగా సరిపోతుంది. రెండో సప్లై నిజంగా అవసరమా అని అడగకుండానే మనం రెండో అడాప్టర్ తెచ్చేస్తాం. టేబుల్ మీద ఉన్నంత కాలం నీకు అవసరం లేదు. పోయిన ఆర్ఎక్స్ పిన్ను కూడా ఇక అడ్డం కాదు.

వేరే సప్లై తప్పదనుకుంటే ఇలా చెయ్యి. యూనోలో 0, 1 పిన్నులు వదిలెయ్. అవి బోర్డు మీది యూఎస్‌బీ చిప్పుకు ఇప్పటికే కలిసి ఉన్నాయి, అక్కడ ఇంకొకరు దూరితే గొడవే. 10, 11 పిన్నుల మీద సాఫ్ట్‌వేర్ సీరియల్ పెట్టుకో, వేగం 9600 చాలు. యూనో నుంచి పైకి వచ్చే వైరుకు ఒకే విలువ ఉన్న రెసిస్టర్లు మూడు తీసుకో, మూడూ 10 కిలో ఓమ్‌లవి. యూనో టీఎక్స్ నుంచి ఒక రెసిస్టర్ గుండా పై ఆర్ఎక్స్‌కు వెళ్లు. ఆ ఆర్ఎక్స్ దగ్గరి నుంచి మిగతా రెండింటినీ వరసగా కలిపి మైనస్‌కు దించు. 5 వోల్టులు మూడు వాటాలై, రెండు వాటాలు పైకి అందుతాయి, అంటే 3.33. పై ఆఫ్‌లో ఉన్నా ఆ దారిన వెళ్లగలిగేది అర మిల్లీ ఆంప్ కంటే తక్కువ. ఇటు పై టీఎక్స్ నుంచి యూనో ఆర్ఎక్స్‌కు మధ్యలో 2.2 కిలో ఓమ్‌ది ఒకటి పెట్టు. యూనో 3 వోల్టులు దాటితే ఒకటి అని చదువుతుంది కాబట్టి 3.3 చాలు. దొడ్డిదారి కరెంటు ఒక మిల్లీ ఆంప్ దగ్గర ఆగిపోతుంది, డయోడ్‌కు ఇబ్బంది ఉండదు. ఇంత చేసినా రెండు అడాప్టర్లనూ ఒకే స్విచ్చు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చు. రెండూ కలిసి వెలగాలి, కలిసి ఆరాలి.

జిల్లుమనడం గురించి. రెండు పిన్నుల ఛార్జర్లలో చాలావాటికి, 230 వోల్టుల వైపుకూ 5 వోల్టుల వైపుకూ మధ్య చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది, రేడియో గోల తగ్గించడానికి. ఎర్త్ లేని చోట దాని గుండా కొద్దిగా కరెంటు బయటి వైపుకు కారుతుంది. 2.2 నానో ఫారడ్ కెపాసిటర్ అయితే లెక్క ప్రకారం 0.16 మిల్లీ ఆంప్ చుట్టుపక్కల. మనిషికి ప్రమాదం లేదు, వేలి చివర జిల్లుమంటుంది అంతే. కానీ మల్టీమీటర్‌తో ఆ మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే వంద వోల్టుల దగ్గర కూడా చూపించవచ్చు. రెండు బోర్డుల మైనస్‌లు ఇలా వేర్వేరు ఎత్తుల్లో తేలుతున్నప్పుడు నువ్వు మొదట సిగ్నల్ వైరు తగిలిస్తే, ఆ తేడా మొత్తం ఆ ఒక్క పిన్ను గుండా సర్దుకుంటుంది. తగిలిన క్షణంలో ఒక్కసారిగా దూకే ఆ కరెంటు మనిషికి ఏమీ చేయకపోయినా చిప్పును దెబ్బతీయగలదు. నీ పిన్ను పోవడంలో దీని వాటా కూడా ఉండవచ్చు. అందుకే వైర్లు కలిపేటప్పుడు రెండూ ఆపు, మైనస్ వైరు అన్నిటికంటే ముందు కలుపు, విప్పేటప్పుడు అన్నిటికంటే చివర విప్పు. యూఎస్‌బీ ప్లగ్గులోకి ఒకసారి తొంగి చూడు. అటూ ఇటూ ఉన్న రెండు రేకులు పొడుగ్గా, మధ్యలో రెండు కొంచెం పొట్టిగా ఉంటాయి. పొడుగువి కరెంటు, మైనస్. గుచ్చేటప్పుడు అవి ముందు తగలాలి, డేటా తర్వాత తగలాలి. ఆ ప్లగ్గు తయారుచేసిన వాళ్లు ఈ విషయాన్ని లోహంలోనే రాసిపెట్టారు.

అయితే జిల్లుమనడానికీ షాక్‌కూ తేడా తెలియాలి. దాన్ని చేత్తో కాదు, మీటరుతో చూడాలి. రెండు అడాప్టర్లూ ఆపి, బోర్డుల మధ్య వైర్లన్నీ విప్పి, రెండు మైనస్‌ల మధ్య 100 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ ఒకటి క్లిప్పులతో తగిలించు. దానికి అడ్డంగా మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టు. చేతులు తీసేశాక స్విచ్ వెయ్యి. ఉత్త లీకేజీ అయితే రెసిస్టర్ భారానికే వోల్టేజీ ఇరవై లోపలికి జారిపోతుంది. రెసిస్టర్ ఉన్నా వంద, రెండొందలు అలాగే నిలబడిందంటే ఏదో ఛార్జర్ లోపల చెడింది. స్విచ్ ఆపి, ఆ ఛార్జర్ పారెయ్, ఎవరికీ ఇవ్వకు. కొత్తది కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే తీసుకో.

నీ రూములో ఎర్త్ నిజంగా ఉందా? చాలా పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి, మూడోదానికి వెనక వైరే ఉండదు. ఉన్నా, అది వెళ్లి కలిసే ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే. ఎర్త్ పని చేయాలంటే గుంతలో తడి ఉండాలి, బొగ్గు, ఉప్పు వేసేది కూడా ఆ తడి నిలవడానికే. ఎండాకాలం మొత్తం చుక్క నీరు తగలని ఎర్త్ గుంత పేరుకే ఎర్త్. ఇంటివాళ్లతో మాట్లాడి, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించు, ఎండల్లో వారానికి రెండు బిందెలు పోయించు. తోటలో మోటరు దగ్గర కూడా ఇదే మాట. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. ఎర్త్ లేదని సాకెట్ లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు వేసే వాళ్లున్నారు. ఎవరు చెప్పినా ఒప్పుకోకు. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు నీ వస్తువుల బాడీ మొత్తానికీ ఫేజ్ ఎక్కుతుంది.

ఇక స్టార్టర్. ఇక్కడికి వచ్చేసరికి మైనస్ కలపమన్న నేనే వద్దంటున్నాను.

నువ్వు కొన్నది చిన్న నీలం డబ్బా రిలే ఉన్న బోర్డు అనుకుంటున్నాను. ఆ డబ్బా మీద 10 ఆంప్, 250 వోల్ట్ ఏసీ అని ఉంటుంది చూడు. మన పొలాల్లో త్రీఫేజ్ మోటరు స్టార్టర్ లోపలి కాయిల్ చాలాచోట్ల రెండు ఫేజుల మధ్య వేసి ఉంటుంది, అంటే 415 వోల్టులు. 250 వరకే తట్టుకునే రిలేను అక్కడ పెట్టకూడదు. లోపల కాంటాక్టుల మధ్య మెరుపు లేచి అతుక్కుపోవచ్చు. అప్పుడు పై ఆపమన్నా మోటరు ఆగదు. అంతకంటే ఘోరం, ఆ వోల్టేజీ రిలే కాయిల్ వైపుకు దూకవచ్చు. మధ్యలో ఇంకో కంచె కావాలి. 24 వోల్ట్ డీసీ కాయిల్ ఉండి, కాంటాక్టులు 415కు పైబడి తట్టుకునే చిన్న కాంటాక్టర్, అంటే ఎక్కువ వోల్టేజీకి పనికొచ్చే రిలే లాంటి స్విచ్చు, ఒకటి పెట్టించు. నీ రిలే ఆ 24 వోల్టులనే ఆన్, ఆఫ్ చేస్తుంది. 415 ఉన్న వైర్లు కాంటాక్టర్ నుంచి స్టార్టర్‌కు వెళ్తాయి. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది, నీది కాదు. స్టార్టర్‌లో ఇప్పుడున్న స్టాప్ బటన్, ఓవర్‌లోడ్ రెండూ అలాగే వరసలో ఉండాలి. నీ ప్రోగ్రాం ఏం చెప్పినా, మీ నాయన ఎర్ర బటన్ నొక్కితే మోటరు ఆగాలి.

రిలేను పైకి కలిపేటప్పుడు మధ్యలో పీసీ817 అనే నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్ పెట్టు. కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దాని లోపల ఒక వైపు చిన్న లైటు, ఇంకో వైపు ఆ వెలుతురు చూసే ట్రాన్సిస్టర్. మధ్యలో వైరు లేదు, వెలుతురే కబురు మోస్తుంది. పై పిన్ను నుంచి 470 ఓమ్ గుండా ఒకటో కాలికి, రెండో కాలు పై మైనస్‌కు. లైటు దగ్గర 1.2 పోగా మిగిలిన 2.1 వోల్టులకు నాలుగున్నర మిల్లీ ఆంప్ వెళ్తుంది, పై పిన్నుకు అది తేలిక. నాలుగో కాలు రిలే బోర్డు మీద ఇన్ అని రాసి ఉన్న పిన్నుకు, మూడో కాలు రిలే బోర్డు మైనస్‌కు. రిలే బోర్డుకు 5 వోల్టులు దాని సొంత అడాప్టర్ నుంచే. పై మైనస్‌కూ రిలే మైనస్‌కూ మధ్య ఏ వైరూ వేయకు. ఇక్కడ ఆ ఒక్క వైరు వేస్తే ఆప్టోకప్లర్ పెట్టీ పెట్టనట్టే. ఈ బోర్డుల్లో ఎక్కువ వాటికి ఇన్‌ను మైనస్ వైపుకు లాగితే రిలే పడుతుంది, అంటే ఆన్ అవుతుంది, నీ బోర్డు కూడా అదే రకమో కాదో ముందు చూసుకో.

రిలే బోర్డు మీదే ఆప్టోకప్లర్ ఉంది కదా అంటావేమో. ఉంటుంది, కానీ దాని పక్కనే జేడీ-వీసీసీ అని ఒక జంపర్ ఉంటుంది. అది గుచ్చి ఉన్నంత వరకు రెండు వైపులా ఒకే కరెంటు. జంపర్ తీసి, పై 3.3తో ఆ బోర్డు ఆడించబోతే కొన్నిటికి లోపలి లైటుకు ఆ వోల్టేజీ చాలదు, ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. 5 ఇచ్చి పైకి కలిపితే కొన్ని ఆఫ్ కావు. ఈ తంటా కంటే విడిగా పీసీ817 పెట్టుకోవడం నయం. ఇంకో లాభం ఉంది. పైలో జీపీఐఓ 9 నుంచి 27 దాకా ఉన్న పిన్నులు బోర్డు మేలుకునేటప్పుడు మామూలుగా కిందికి లాగి ఉంటాయి. 17 వాడుకో. పొలంలో కరెంటు వచ్చి పై మళ్లీ మొదలయ్యేటప్పుడు ఆప్టోకప్లర్ లైటు వెలగదు, రిలే పడదు, మోటరు దానంతట అది తిరగదు. ఎవరో వాల్వు దగ్గర చెయ్యి పెట్టి ఉంటారు, పిల్లలు గట్టు మీద ఉంటారు. ముందు కాంటాక్టర్ బదులు 24 వోల్టుల చిన్న బల్బు పెట్టి, ఇరవై సార్లు కరెంటు తీసి వేసి చూడు. ఒక్కసారి కూడా ఆ బల్బు దానంతట అది మిణుక్కుమనకూడదు.

ప్రాణానికి సంబంధించిన ఇంకో సంగతి. కొన్ని చవక కంట్రోల్ బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 నుంచి కెపాసిటర్, రెసిస్టర్ గుండా నేరుగా చిన్న వోల్టేజీ తీస్తారు. మీటరు పెడితే 5 అనే చూపిస్తుంది. కానీ ఆ 5 ఫేజ్‌కు తగులుకుని ఉన్న 5. దాని మైనస్‌ను నీ పైకి కలిపితే నీ కీబోర్డు దాకా ఫేజ్ వస్తుంది. స్టార్టర్ పెట్టెలో ఉన్న ఏ బోర్డు నుంచీ ఏ వోల్టేజీ తీసుకోకు, అది ఎంత చిన్నదైనా సరే.

నలభై మీటర్ల వైరు గురించి తేల్చి చెబుతాను, వద్దు. సెన్సర్ నుంచి వచ్చే చిన్న వోల్టేజీ అంత దూరంలో మోటరు గోలకే చెడిపోతుంది. ఉరుములు మెరుపులు వచ్చే రోజుల్లో అంత పొడుగు వైరు తోటలో పడి ఉంటే, పిడుగు దూరంగా పడినా దాన్లో వోల్టేజీ లేస్తుంది. వైరు తప్పనిసరి అయితే ఆర్ఎస్-485 అనే పద్ధతి ఉంది, వెయ్యి మీటర్లు దాటినా కబురు చేరుస్తుంది, కానీ దానికీ ఐసోలేషన్ ఉన్న, అంటే రెండు వైపులనూ కరెంటు కలవకుండా విడదీసే చిప్పే కావాలి. నీకైతే చెట్ల మధ్య ఒక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న బోర్డు), బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్ పెట్టి వైఫైతో పంపించడం మేలు. వైరే లేకపోతే గ్రౌండ్ కలపాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. ఆ ఈఎస్‌పీ32 కూడా 3.3 వోల్టులదే, దానికి 5 వోల్టుల సెన్సర్ నేరుగా కలపకు.

నన్నడిగితే ఈ ఏడాది మోటరును అసలు ముట్టుకోవద్దు. తేమ తగ్గింది, నీళ్లు పెట్టాలి అని మీ నాయన ఫోనుకు మెసేజ్ పంపేంతవరకే చెయ్యి. ఆయనే వెళ్లి ఆన్ చేస్తాడు, లేదంటే చాలా తోటల్లో ఉన్నట్టు తయారైన మొబైల్ స్టార్టర్‌తో వేస్తాడు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నీ సెన్సర్లు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూడు. సెన్సర్ తప్పు చెప్పి మోటరు రాత్రంతా తిరిగితే బోరు ఎండుతుంది, మోటరు కాలుతుంది. ఆ నష్టం ముందు నీ పై ఖరీదు ఎంత?

అప్పటికీ కాంటాక్టర్ పెట్టించాలనే ఉంటే, మెయిన్ తీయించి, మీ ఎలక్ట్రీషియన్‌తోనే స్టార్టర్ తెరిపించి, లోపల కాయిల్ మీద రాసి ఉన్న వోల్టేజీ ఎంతో చూసి నాకు రాయి. 230, 415 లలో ఏది ఉందో తెలిస్తేనే ఎలాంటి కాంటాక్టర్ తీసుకోవాలో చెప్పగలను.